పాత తెరచాప పడవ సొంతంగా బాగుచేసుకోవాలంటే: ముందు నీళ్ల సంగతి, మెరుపు తర్వాత

పాత పడవ కొనగానే చాలామంది ముందు పాలిష్ డబ్బా పట్టుకుంటారు. ఒక్క పూటలో తేడా కనిపిస్తుంది, ఫోటోకి బాగుంటుంది, మనసుకీ హాయి. నా జాబితాలో మాత్రం అది చిట్టచివర ఉంటుంది. పైన పటారం, లోన లొటారం అన్న మాట ముప్పై నలభై ఏళ్లు దాటిన పడవలకి అచ్చంగా సరిపోతుంది. 1970ల్లో, 80ల్లో పోసిన ఫైబర్‌గ్లాస్ పొట్ట మామూలుగా గట్టిగానే ఉంటుంది. చెడేది దానికి బిగించిన సరంజామా: బోల్టులు, వాల్వులు, ఉక్కు తీగలు, రబ్బరు గొట్టాలు, కరెంటు వైర్లు, వాటి చుట్టూ నీళ్లు దూరకుండా పెట్టి, ఇప్పుడు ఎండి బీటలిచ్చిన సీలెంట్. వీటిలో ముప్పాతిక వంతు గొడవలకి మూలం ఒకటే. నీళ్లు రాకూడని చోటికి వచ్చి, వచ్చినచోటే ఉండిపోవడం.

మాది 27 అడుగుల పడవ. డెక్ (మనం నడిచే పైతలం) లోపల బాల్సా అనే తేలికపాటి చెక్క, కిందో చిన్న డీజిల్ ఇంజన్. ఆ సైజు పడవకి, స్పానర్ పట్టడం, డ్రిల్లు వాడటం వచ్చిన మనిషికి పనికొచ్చేవే చెబుతున్నాను. నా వరస ఇది: ముందు పడవని ముంచేవి, తర్వాత మాస్టుని (తెరచాప కట్టే స్తంభాన్ని) పడగొట్టేవి, తర్వాత నిప్పంటించేవి, తర్వాత ఇంజన్. ఇంకా ఓపిక మిగిలితే అందచందాలు.

నీటిమట్టం కింద ఉన్న కన్నాలు

ఒక కాగితం మీద పడవ బొమ్మ గీసి, పొట్టకి ఎక్కడెక్కడ కన్నం ఉందో గుర్తుపెట్టండి. సింకు నీళ్లు పోయేది, టాయిలెట్‌వి రెండు, ఇంజన్ చల్లబడటానికి నీళ్లు లాగేది, కాక్‌పిట్ (కూర్చుని పడవ నడిపే పల్లం) నీళ్లు దిగేవి. కొన్ని ఏదో బీరువా వెనక దాక్కుని ఉంటాయి, వాటినీ వదలకండి. నీటికి రెండడుగుల లోతున ఒకటిన్నర అంగుళాల గొట్టం ఊడిపోతే నిమిషానికి నూరు లీటర్లకి పైగా లోపలికొస్తుంది. పడవ అడుగున చేరిన నీళ్లు తోడే చిన్న బిల్జ్ పంపు దాన్ని తట్టుకోలేదు. అందుకే మొదటి పని ఇక్కడ.

ప్రతి కన్నానికీ ఒక వాల్వ్ ఉండాలి, దాన్నే సీకాక్ అంటారు. హ్యాండిల్ చేత్తో తిప్పితే తిరగాలి. బిగుసుకుపోయి ఉంటే పడవ నీళ్లలో ఉండగా సుత్తితో కొట్టడం, పైపు దూర్చి తిప్పడం లాంటివి చేయొద్దు. పాత వాల్వ్ మెడ దగ్గర విరిగిందంటే ఆపడానికి మీ దగ్గరేమీ ఉండదు. పడవని ఒడ్డుకి ఎత్తినప్పుడే దాని పని పట్టండి. తోటలో కుళాయికి ఉండే గుండ్రటి పిడి ఉన్న గేట్ వాల్వ్ కనిపిస్తే ఆలోచించకుండా మార్చేయండి. అది తెరిచి ఉందో మూసి ఉందో చూస్తే తెలీదు, లోపలి కాడ తుప్పుపట్టి తెగినా పిడి హాయిగా తిరుగుతూనే ఉంటుంది.

తర్వాత లోహం. కంచుది అయితే దశాబ్దాలు ఉంటుంది. మామూలు ఇత్తడిది అయితే ఉప్పునీళ్లలో దానిలోని జింకు కరిగిపోయి, రాగి మాత్రం గుల్లగా మిగులుతుంది. ఒక మూల పైచిలుము పోయేదాకా సాండ్ పేపర్‌తో రుద్ది చూడండి. పసుపు బంగారు రంగు తేలితే పర్వాలేదు. గులాబీ రంగు తేలితే దాని ఆయుష్షు తీరినట్టే. కొత్తది కొనేటప్పుడు మరలు కూడా చూసుకోవాలి. పొట్టలోంచి వచ్చే కంచు గొట్టానికి సాధారణంగా తిన్నటి మరలుంటాయి, మామూలు ప్లంబింగ్ బాల్ వాల్వుకి సన్నబడుతూ పోయే మరలుంటాయి. రెండూ కలిపి బిగిస్తే నాలుగు చుట్లు పట్టి ఆగిపోతుంది, చూడ్డానికి మాత్రం బిగిసినట్టే ఉంటుంది. ఆ నాలుగు చుట్ల మీద పడవ మొత్తాన్ని వేలాడదీయడం నాకు ఇష్టం లేదు. సీకాక్‌గా తయారుచేసిన వాల్వే తీసుకోండి.

రబ్బరు గొట్టానికి, మూతి పొడవు చాలినచోటల్లా, రెండేసి క్లాంపులు. పాత క్లాంపు పైనుంచి తళతళలాడుతుంది, అడుగున మాత్రం తుప్పు కొట్టేసి ఉంటుంది. చిన్న అద్దం పెట్టి అడుగు చూడండి. కొత్తవి కొనేటప్పుడు జేబులో అయస్కాంతం ఉంచుకోండి. పట్టీ మంచి స్టీలుదే ఉంటుంది, స్క్రూ దగ్గరే కక్కుర్తి పడతారు. అయస్కాంతం స్క్రూకి గట్టిగా అంటుకుంటే అక్కడే పెట్టేసి రండి. ఒక్కో వాల్వ్ పక్కన సరిపడా మెత్తటి చెక్క బిరడా ఒకటి తాడుతో కట్టి ఉంచండి. చీకట్లో, నీళ్లలో చేతులు పెట్టి డబ్బాలన్నీ వెతికే అవసరం ఉండదు.

ప్రొపెల్లర్ కడ్డీ బయటికెళ్లే చోట, దాని చుట్టూ నీళ్లు లోపలికి రాకుండా ఆపే స్టఫింగ్ బాక్స్ ఉంటుంది. పాత రకం అయితే లోపల మైనం పట్టించిన తాడు చుట్లుంటాయి. ఇది కారడం జబ్బు కాదు. కడ్డీ తిరుగుతున్నప్పుడు నిమిషానికి రెండు మూడు చుక్కలు పడాలి, ఆ నీళ్లే దాన్ని చల్లబరుస్తాయి. ఒక్క చుక్కా పడకుండా బిగిస్తే తాడు మాడుతుంది, కడ్డీ అరుగుతుంది. ఇంజన్ కాసేపు నడిపి, ఆపేసి, కడ్డీ ఆగాక బాక్సు మీద చెయ్యి వేయండి. గోరువెచ్చగా ఉంటే సరే. చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే నట్టు కాస్త వదులు చేయాలి. ఎంత బిగించినా ధారగా కారుతుంటే తాడు మార్చాలి, అది ఒడ్డు మీద చేసే పని. పాత చుట్లన్నీ కొక్కెంతో లాగేసి, కొత్తవాటిని ఏటవాలుగా కోసి, ఒకదాని అతుకు మీద ఇంకోదాని అతుకు పడకుండా పేర్చండి. బాక్సుని పడవకి కలిపే రబ్బరు గొట్టాన్ని కూడా అప్పుడే పిసికి చూడండి. మెత్తబడినా పగుళ్లిచ్చినా మార్చేయాల్సిందే.

డెక్: అసలు కథ ఇక్కడుంది

చాలా ఫైబర్‌గ్లాస్ పడవల డెక్ రెండు పల్చటి పొరల మధ్య చెక్క పెట్టి చేసింది. తేలిగ్గా, గట్టిగా ఉండాలని అలా చేశారు. ఆ చెక్క పొడిగా ఉన్నంతకాలం దానంత మంచిది లేదు. కానీ కట్టినవాళ్లే తర్వాత దానికి వందల కన్నాలు వేసి కంచె స్తంభాలు, తాడు కొక్కేలు, విన్చ్‌లు (తాళ్లు చుట్టి లాగే డ్రమ్ములు), పట్టాలు బిగించారు. ఒక్కో బోల్టు చుట్టూ ఉన్న సీలెంట్ ఒక్కోరోజు ప్రాణం విడుస్తుంది. నీళ్లు కన్నంలోంచి దిగి చెక్కలోకి ఇంకుతాయి, తిరిగి బయటికి వచ్చే దారి ఉండదు. చెక్క కుళ్లుతుంది.

ముందు తట్టి చూడండి. స్క్రూడ్రైవర్ ప్లాస్టిక్ పిడితో డెక్ అంతా చదరం చదరంగా తట్టుకుంటూ వెళ్లండి. బాగున్నచోట టక్‌మని పొడిగా పలుకుతుంది, చెడినచోట ధబ్‌మని మొద్దుగా. తేడా అనిపించినచోటల్లా పెన్సిల్‌తో గీయండి. గీతలన్నీ కలిపితే నడిమధ్యలో సాధారణంగా ఏదో ఒక బోల్టు దొరుకుతుంది, దోషి అదే.

కారుతున్న చోటు కనుక్కోవడంలో లోపలి మరక మోసం చేస్తుంది. నీళ్లు లోపలి కప్పు పలక మీదుగా పాకి, మూడడుగుల దూరంలో ఏ స్క్రూ దగ్గరో కిందికి దిగుతాయి. అందుకే డెక్ మొత్తాన్ని ఒకేసారి తడపకండి. పైపు సన్నగా పెట్టి అన్నిటికన్నా పల్లంలో ఉన్న బోల్టుతో మొదలుపెట్టి, ఒక్కోదాని మీద కొన్ని నిమిషాలు ఉంచి పైకి పొండి. లోపల ఒకరు టార్చి పట్టుకుని చూడాలి. అలా దొరక్కపోతే ఇంకో పద్ధతి ఉంది. కిటికీలన్నీ మూసి, ప్రవేశద్వారానికి ప్లాస్టిక్ షీటు టేపుతో అంటించి, దానికి ఒక కన్నం పెట్టి బ్లోయర్‌తో లోపలికి గాలి ఊదండి. బయట బోల్టుల చుట్టూ, కిటికీ అంచుల్లో సబ్బునీళ్లు చల్లితే కారేచోట బుడగలొస్తాయి. నాకు ఇదే నచ్చుతుంది. నీళ్లు చెప్పడానికి గంట తీసుకునేది బుడగలు క్షణంలో చెప్పేస్తాయి.

ఇక బాగుచేయడం. ఉదాహరణకి 6 మిల్లీమీటర్ల బోల్టులున్న ఒక కొక్కెం అనుకోండి. దాన్ని విప్పేసి, కన్నంలోకి వంపు తిరిగిన సూది పెట్టి చెక్కని గోకండి. లేతరంగు పొడి వస్తే అదృష్టం. ముదురు గోధుమరంగు ముద్ద, పుల్లటి వాసన వస్తే కుళ్లింది. పొడిగా ఉన్నా సరే, పని ఇలాగే చేయాలి. పైపొరకీ చెక్కకీ 12 మిల్లీమీటర్ల కన్నం వేయండి, అడుగుపొరని మాత్రం పెద్దది చేయకండి. తర్వాత ఒక మేకుని ఎల్ ఆకారంలో వంచి డ్రిల్లుకి బిగించి, కన్నంలో దించి తిప్పండి. పొరల మధ్య చెక్క చుట్టూరా సెంటీమీటరు మేర తవ్వి వస్తుంది. పొడి అంతా వాక్యూమ్‌తో లాగేయండి. తడి తగిలితే అక్కడితో ఆపి, ఎన్నాళ్లైనా సరే పూర్తిగా ఆరనివ్వండి.

ఆరాక అడుగు కన్నానికి కిందనుంచి టేపు వేసి, ముందు పల్చటి ఎపాక్సీ (గట్టిపరిచే ద్రవం కలిపితే రాయిలా గట్టిపడే జిగురు) పోయండి. బాల్సా దాన్ని గటగటా తాగేస్తుంది. ఆ దాహం తీర్చకుండా చిక్కటిది నింపితే చెక్క అందులోని జిగురంతా లాగేసుకుని అతుకు బలహీనపడుతుంది. కాసేపాగి మిగిలింది లాగేసి, సిలికా పొడి కలిపి పుల్లకి అంటుకుని జారకుండా నిలిచేంత చిక్కగా చేసిన ఎపాక్సీని సిరంజితో అడుగునుంచి నింపుకుంటూ రండి, గాలి బుడగ మిగలకూడదు. మర్నాడు ఆ గట్టి బిళ్ల నడిమధ్యలో మళ్లీ 6 మిల్లీమీటర్ల కన్నం వేయండి. ఇప్పుడు బోల్టు వెళ్లేది చెక్కలోంచి కాదు, ఎపాక్సీలోంచి. రేపు సీలెంట్ మళ్లీ చచ్చినా నీళ్లు పడవలోకి కారతాయి గానీ చెక్కలోకి ఇంకవు. కారితే మనకి తెలుస్తుంది. తెలియకుండా ఇంకడమే ప్రమాదం.

కన్నం పై అంచుని కౌంటర్‌సింక్ బిట్‌తో కొంచెం ఏటవాలుగా చెక్కండి. చాలామంది వదిలేసే పని ఇది, నా లెక్కలో అన్నిటికన్నా ముఖ్యమైనది. ఆ పల్లంలో సీలెంట్ ఒక ఉంగరంలా నిలబడుతుంది. అంచు చదునుగా ఉంటే బిగించేటప్పుడు మొత్తం బయటికి పోయి, కాగితమంత పొర మాత్రం మిగులుతుంది. సీలెంట్‌గా నేను డెక్ సామాన్లకి బ్యూటైల్ టేపే (మెత్తటి బంక రబ్బరు పట్టీ) వాడతాను. సామాన్ల కింద అది ఎండదు, ఎన్నాళ్లైనా సాగుతూ ఉంటుంది, కావాలంటే విప్పుకోవచ్చు. బోల్టు తల కింద దాన్ని సన్నగా చుట్టి, కొక్కెం అడుగునా పరిచి బిగించండి. బిగించేటప్పుడు పైన బోల్టు కదలకూడదు, కింద నట్టు మాత్రమే తిరగాలి. బోల్టు తిరిగితే చుట్టిన టేపు తెగుతుంది. ఇది ఇద్దరి పని. మా ఆవిడ లోపల స్పానర్ పట్టుకుంటుంది, పైన స్క్రూడ్రైవర్ నాది. "ఏవండీ, మీరు తిప్పుతున్నట్టున్నారు" అని కిందనుంచి కేక వస్తే నా చెయ్యి కదిలిందన్నమాట. ఒక్కసారే బిగించేయొద్దు. టేపు నెమ్మదిగా సాగుతుంది కాబట్టి కొంచెం బిగించి వదిలేయండి, మర్నాడు ఇంకొంచెం, రెండ్రోజులాగి మళ్లీ. బయటికొచ్చింది ప్లాస్టిక్ బ్లేడుతో కోసేయండి. లోపలివైపు చిన్న వాషర్లు చాలవు, బలం పడేచోటల్లా మందమైన అల్యూమినియం పలకో ఫైబర్‌గ్లాస్ పలకో పెట్టండి.

సిలికాన్ జోలికి పోకండి. అది వదిలే జిడ్డు మీద తర్వాత ఏదీ అంటదు, రంగు కూడా. త్రీఎం 5200 లాంటి శాశ్వత పాలీయూరిథేన్ మాటకొస్తే అది సీలెంట్ కన్నా ముందు జిగురు. విప్పాలంటే కొక్కెంతోపాటు పైపొర పెచ్చులూ లేచొస్తాయి.

మొద్దుగా పలికే చోటు అరచేతికన్నా చాలా పెద్దదైతే పైపొరని కోసి తీసి, కుళ్లిన చెక్కంతా తోడి, కొత్తది పెట్టి, పైపొర తిరిగి అతికించాలి. పని పెద్దదే గానీ అర్థం కానిది కాదు. అతుకు అంచుల్ని మందానికి పన్నెండు రెట్లు వెడల్పుగా ఏటవాలు తీయాలి, అంటే మూడు మిల్లీమీటర్ల పొరకి 36. ఎక్కడికక్కడ సన్న కన్నాలు వేసి ఎపాక్సీ ఎక్కించేస్తే సరిపోతుందని చాలామంది అంటారు. తడి చెక్కలోకి ఎపాక్సీ వెళ్లదు. వెళ్లిందనుకున్నా తడిని లోపలే పెట్టి మూసినట్టు అవుతుంది. నాకు ఆ పద్ధతి మీద నమ్మకం లేదు.

ఎపాక్సీ గురించి నాలుగు ముక్కలు. డబ్బా మీద ఉన్న పాళ్లు తు.చ. తప్పకూడదు. గట్టిపరిచేది ఎక్కువేస్తే త్వరగా ఆరదు, ఎప్పటికీ బంకగానే ఉండిపోతుంది. లోతు కప్పులో ఎక్కువ కలిపితే తన వేడికి తనే ఉడికి పొగలొస్తుంది, కాబట్టి కొంచెం కొంచెం కలిపి వెడల్పు పళ్లెంలో పోసుకోండి. ఆరాక పైన మైనంలాంటి పొర తేలవచ్చు. దాన్ని రుద్దే ముందు మంచినీళ్లు, గరుకు స్క్రబ్బర్‌తో కడిగేయాలి, లేకపోతే తర్వాతి కోటు పట్టదు. ఎండకి ఎపాక్సీ పాడవుతుంది, పైన పెయింట్ తప్పనిసరి. చేతికి గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు. ఒకసారి అలర్జీ పట్టుకుందంటే జీవితాంతం వదలదు.

మాస్టు, దాన్ని నిలబెట్టే తీగలు

మాస్టుని పట్టి ఉంచే స్టీలు తీగలకి పది పదిహేనేళ్లు దాటితే పైకి ఎంత మెరిసినా మార్చే లెక్కలో ఉంచుకోండి. వయసు తెలీకపోతే అయిపోయిందనే అనుకోండి. చూసే పద్ధతి సులువు. తీగ చుట్టూ టిష్యూ కాగితం పట్టుకుని కింది నుంచి పైకి మెల్లగా జరపండి. తెగిన పోగు ఉంటే కాగితం పీచు అక్కడ చిక్కుకుంటుంది. చేత్తో మాత్రం జరపొద్దు, ఆ పోగులు చర్మాన్ని చీరేస్తాయి. కింది చివరల్లో తీగ దూరే లోహపు గొట్టాలకి నీళ్లు దిగి నిలుస్తాయి, పగుళ్లు అక్కడే మొదలవుతాయి. భూతద్దం పెట్టి నిలువు గీతల్లాంటివి ఉన్నాయేమో చూడండి. ఒక్క పోగు తెగినా, సన్నగా ఒక్క పగులున్నా ఆ తీగ పని అయిపోయింది.

తీగల కన్నా నన్ను భయపెట్టేవి చెయిన్‌ప్లేట్లు. తీగ బలమంతా పడవకి చేరేది ఈ స్టీలు పట్టీల ద్వారానే. స్టీలు తుప్పుపట్టకుండా ఉండాలంటే దానికి గాలి తగలాలి. డెక్‌లోంచి కిందికి దిగే ఆ అంగుళం మేర, తడి సీలెంట్ మధ్య, గాలి తగలదు. అక్కడే లోపల్లోపల తినేస్తుంది. పైనా కిందా తళతళ, మధ్యలో గుల్ల. చూడాలంటే విప్పి బయటికి తీయడం తప్ప వేరే దారి లేదు. ఒక్కసారికి ఒకటే తీయండి, ఆ వైపు తెరచాప ఎత్తే తాడుని డెక్ మీద గట్టిచోట కట్టి తాత్కాలికంగా మాస్టుని ఆపండి. తీసిన పట్టీ మీద గుంటలు, అడ్డంగా గోధుమరంగు గీతలు కనిపిస్తే అదే కొలతకి 316 రకం స్టీలుతో కొత్తది చేయించండి.

తీగలు బిగించే టర్న్‌బకిల్‌లో స్టీలుకి స్టీలు రాసుకుంటే మరలు కరుచుకుపోతాయి, లానోలిన్ (గొర్రె ఉన్ని జిడ్డు) రాయకుండా తిప్పకండి. అవి వదులు కాకుండా దూర్చే చీలమేకుల (కాటర్ పిన్నుల) చివరలు కొద్దిగా విప్పి టేపు చుడితే చాలు. వెనక్కి మడిచేస్తే అవసరానికి బయటికి రావు.

కరెంటు, ఇంజన్

పాత పడవలో మంటకి మొదటి కారణంగా నేను వైర్లనే అనుమానిస్తాను. నాలుగు యజమానులు నాలుగు రంగుల వైర్లు కలిపి, మెలితిప్పి టేపు చుట్టి వెళ్లి ఉంటారు. ఎక్కడికీ పోని వైర్లు ముందు తీసేయండి. బ్యాటరీ ప్లస్ నుంచి వెళ్లే ప్రతి వైరుకీ 18 సెంటీమీటర్ల లోపల ఫ్యూజు ఉండాలి, ఇంజన్ స్టార్టర్ వైరు ఒక్కటే మినహాయింపు. కొత్త వైరు తగరం పూత ఉన్న రాగిదే కొనండి, లేకపోతే ఉప్పుగాలికి లోపలి పోగులన్నీ నల్లబడిపోతాయి. అతుకులు క్రింప్ చేసి (గొట్టంలో పెట్టి నొక్కి), వేడికి ముడుచుకుని పట్టే, లోపల జిగురున్న ష్రింక్ గొట్టం వేయండి. లైటు మందంగా వెలుగుతుంటే లైటు మార్చే ముందు, అది వెలుగుతుండగా మీటరు ఒక కొన బ్యాటరీ ప్లస్ మీద, రెండోది లైటు ప్లస్ మీద పెట్టండి. 0.4 వోల్టులు దాటి చూపిస్తే మధ్యలో ఏదో అతుకు తినేస్తోంది. మైనస్ వైపు కూడా ఇలాగే చూడాలి.

డీజిల్ ఇంజన్‌కి శుభ్రమైన డీజిల్, గాలి, చల్లటి నీళ్లు ఉంటే అది మనల్ని పెద్దగా సతాయించదు. ఫిల్టర్లు, ఆయిల్ సంగతి మాన్యువల్‌లో ఉన్నట్టే. నీళ్ల పంపులో రబ్బరు ఇంపెల్లర్ (నీళ్లు తోసే రెక్కల చక్రం) ఏడాదికోసారి మార్చండి. పాతదానికి ఒక రెక్క తక్కువుంటే కొత్తది వేసి మూసేయడం కాదు. ఆ ముక్క ముందున్న గొట్టంలోనో హీట్ ఎక్స్‌చేంజర్ (ఇంజన్ వేడిని నీళ్లకి అందించే భాగం) మూతి దగ్గరో కూర్చుని ఉంటుంది, వెతికి తీయాలి. ఫిల్టర్ మార్చాక గాలి తీసేటప్పుడు ఇంజన్ స్టార్ట్ కాక సెల్ఫ్ పదే పదే కొడుతుంటే, నీళ్లు లాగే సీకాక్ మూసేయండి. పొగగొట్టం తడిపే రకం ఇంజన్లలో, సెల్ఫ్ తిరిగినంతసేపూ పంపు నీళ్లు తోడుతుంది, వాటిని బయటికి తోసే పొగ ఉండదు. సైలెన్సర్ నిండి నీళ్లు వెనక్కి సిలిండర్లలోకి వెళ్తాయి. మూసిన వాల్వ్ సంగతి మర్చిపోకండి. ఇంజన్ అందుకోగానే తెరవాలి.

మిగతావి

విన్చ్ విప్పితే లోపలి చిన్న స్ప్రింగులు నీళ్లలోకి ఎగురుతాయి. అట్టపెట్టె అడుగున విన్చ్ పట్టేంత కన్నం కోసి, పెట్టెని దానికి తొడిగి లోపల విప్పండి. కిరోసిన్‌తో కడిగి, గేర్లకి పల్చగా గ్రీజు, పళ్లని పట్టే చిన్న నాలుకలకి మాత్రం ఒట్టి నూనె చుక్క. గ్రీజు రాస్తే అవి అంటుకుపోతాయి, బరువు మీద హ్యాండిల్ వెనక్కి తిరిగి చెయ్యి విరగ్గొడుతుంది.

తెరచాపలో ముందు పోయేది బట్ట కాదు, ఎండకి కుట్టు దారం. గోరుతో గీరితే తెగితే మళ్లీ కుట్టించే టైమ్ వచ్చింది. నాచు, గవ్వలు పట్టకుండా పొట్టకి వేసే అడుగు పెయింట్‌ని పొడిగా రుద్దకండి, ఆ ధూళి విషం. తడిపి రుద్దండి, మాస్క్ పెట్టుకోండి. మిగతా లోహాల బదులు తామే కరగడానికి నీళ్ల కింద బిగించిన జింకు బిళ్లలు సగం అరిగితే మార్చండి, వాటి మీద మాత్రం పెయింట్ వేయకండి. పొట్ట మీద అక్కడక్కడా బొబ్బలు కనిపిస్తే టెన్షన్ పడాల్సిందేమీ లేదు. చిదిమి, కడిగి, బాగా ఆరబెట్టి, ఎపాక్సీతో పూడ్చితే సరిపోతుంది.

పడవని తిరిగి నీళ్లలోకి దించే రోజు క్రేన్ ఆపరేటర్‌తో ముందే మాట్లాడుకోండి. పడవ తేలాక కూడా బెల్టులు విప్పకుండా పది నిమిషాలు అలాగే ఉంచమనండి. మీరు టార్చి పట్టుకుని లోపలికి దిగి, కాగితం మీద గీసుకున్న బొమ్మ ప్రకారం ఒక్కో కన్నం దగ్గరా పొడి టిష్యూతో తుడిచి చూడండి, స్టఫింగ్ బాక్స్ చివర్లో. కాగితం ఎక్కడైనా తడిసిందా, అక్కడి క్లాంపో నట్టో కాస్త బిగించి మళ్లీ తుడవండి. అప్పటికీ ఆగకపోతే మొహమాటపడకుండా పైకి ఎత్తించేయండి.